తూరు రాజు

బందరు జైలు,
ఆగస్టు 11

ప్రియమైన రేవతికి,

ప్రభువు నామంలో వందనాలు. నేను బాగానే ఉన్నాను. మిగతాది నువ్వు కంగారు పడకుండా చదవాలని ముందుగా ఈ మాట రాస్తున్నాను. మొన్న ములాఖాత్‌లో జాలీకి అవతల నువ్వూ ఇవతల నేనూ, చుట్టూ పదిమంది అరుపులు. ఒక్క మాటా సరిగ్గా చెప్పుకోలేకపోయాం. హంసలదీవి పక్కన మన పాలెం నుంచి అన్ని బస్సులు మారి నువ్వు మాటిమాటికీ రావద్దు. ఉత్తరాలు రాసుకుందాం. ఇక్కడివాళ్ళు చదివాకే ఇస్తారు, ఇవ్వనీ. మనకు దాచేదేముంది.

పూర్ణిమ జ్వరం తగ్గిందా? షెల్టరు ప్రారంభం రోజు నువ్వు దాన్ని అవనిగడ్డ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావు కాబట్టి ఏం జరిగిందో నా నోటివెంట వినలేదు. తలా ఒక రకంగా చెప్పి ఉంటారు. నేను చెప్తాను విను.

మన పాలెం తుపాను షెల్టరుకి రంగులు వేసి, డాబా మీద మన ఎమ్మెల్యే నాంచారయ్య గారి విగ్రహం నిలబెట్టారు కదా. బంగారు రంగు పూసి, సముద్రం వైపు చెయ్యి చాపినట్టు. ప్రారంభానికి పూజారి గారిని, ముల్లా గారిని, నన్ను పిలిచారు. ముగ్గురూ ఆశీర్వదించాలి. వాళ్ళిద్దరిదీ అయింది. నా వంతు వచ్చేసరికి మైకు దగ్గరున్న కుర్రాడు "సముద్రాన్ని శాసించే మా దేవుడు నాంచారయ్య గారు" అని అరిచాడు. జనం ఈలలు. నేను నాంచారయ్య గారి మొహం వంకే చూస్తున్నాను. ఒక్కసారన్నా వద్దంటాడేమో, కనీసం సిగ్గుపడతాడేమో అని. ఆయన చెయ్యి ఊపాడు.

కళ్ళు మూసుకున్నాను. ప్రార్థన రాలేదు రేవతీ. యెహెజ్కేలు ప్రవక్త తూరు రాజుకు చెప్పిన మాట వచ్చింది. తూరు కూడా మన బందరులాంటి రేవుపట్నమే. దాని రాజు సముద్రం నడుమ కూర్చుని నేనే దేవుణ్ని అనుకున్నాడు. దేవుడేమో నువ్వు మనిషివి, దేవుడివి కావు, నిన్ను చంపడానికి వచ్చినవాళ్ళ ఎదట కూడా ఇదే మాట అంటావా అని అడిగించాడు. అది చెప్పి, "అయ్యా, ఈ షెల్టరు పేదవాళ్ళ ప్రాణాల కోసం కట్టింది. దాని నెత్తిన మీరెక్కి నిలబడకండి" అన్నాను.

నాంచారయ్య గారు నవ్వాడు. "పాస్టరు గారికి ఎండదెబ్బ తగిలినట్టుంది, మంచినీళ్ళివ్వండ్రా" అన్నాడు. జనం కూడా నవ్వారు. సాయంత్రానికి పోలీసులొచ్చారు. చంపడానికి వచ్చినవాళ్ళు అన్నానట, అది బెదిరింపట. జనాన్ని రెచ్చగొట్టానట.

ఇకపై ఈ సంగతి ఎక్కడా మాట్లాడనని రాసిస్తే బెయిలు త్వరగా వస్తుందంటున్నాడు లాయరు. దేవుడి మాటను నోట్లోనే పెట్టుకుంటానని సంతకం ఎలా చెయ్యను? నువ్వే చెప్పు.

సుబ్బాయమ్మ గారికి, ఎల్లయ్యకి, సంఘంలో అందరికీ వందనాలు చెప్పు.

నీ
సీమోను

*

పాలెం,
ఆగస్టు 24

ప్రభువునందు ప్రియమైన మీకు,

మీ ఉత్తరం అందింది. పూర్ణిమకి తగ్గింది. బడికి వెళ్తోంది కానీ నోరు విప్పడం లేదు. తోటి పిల్లలు "జైలు పాస్టరు కూతురు" అంటున్నారట.

మీరు చెప్పిన మాట విన్నవాళ్ళు నాకు చెప్తుంటే నా ఒళ్ళు జలదరించింది. భయంతో కాదండీ. మా ఆయన అనగలిగాడు అని. ఆ సంగతి మీకు ముందు చెప్పాలి. ఎందుకంటే తర్వాత రాసేది చదివి నేను పిరికిదాన్ననుకుంటారు.

ఊళ్ళో పరిస్థితి బాగాలేదు. బోట్ల కాగితాలు ఆఫీసులో ఆపేశారు. ఎవరూ ఎందుకని చెప్పరు, రేపు రండి అంటారు. మన సంఘపెద్ద ఎల్లయ్య నాలుగుసార్లు తిరిగాడు. చివరికి నాంచారయ్య గారి మనిషొకడు "మీ పాస్టరుని సంఘంలోంచి పంపేసి రా, కాగితం పట్టుకెళ్ళు" అన్నాడట. ఎల్లయ్య మన గుమ్మంలో నిలబడి ఈ మాట చెప్పాడు. లోపలికి రమ్మంటే రాలేదు. ఆదివారం మందిరానికి ఆడవాళ్ళే వచ్చారు. అంగన్‌వాడీలో నా ఉద్యోగం ఎన్నాళ్ళుంటుందో తెలీదు.

ఎల్లయ్య వాళ్ళమ్మ సుబ్బాయమ్మ గారు మాత్రం రోజూ వస్తోంది. కొడుకు వద్దన్నా సరే, కొంగుచాటున ఇంత చేప పట్టుకొచ్చి, "అమ్మాయ్, అయ్యగారు ఏం తింటన్నాడో, నువ్వు మానకు" అని పక్కనే కూర్చుని నేను తినేదాకా కదలదు.

గుడివాడ నుంచి జక్కరయ్య గారని ఒక పెద్దమనిషి వచ్చారు. అక్కడ సంఘాలన్నిటికీ కలిపి ఏదో కమిటీ ఉందట, దానికి అధ్యక్షుడట. రెండు కార్లలో వచ్చారు. మీ మాటలు ఎవరో ఫోన్లో తీశారట, లక్షలమంది చూశారట. మీ ఫోటో కావాలన్నారు. తెల్లబట్టల్లో ఉన్నది అడిగి మరీ తీసుకున్నారు. పూర్ణిమ చేతిలో చాక్లెట్లు పెట్టారు. బోట్ల కాగితాల సంగతి చెప్పబోతే, "శ్రమలు వస్తాయమ్మా, సహించాలి" అన్నారు.

ఏవండీ, మాట చెప్పేశారు. చెప్పాల్సిన మనిషికి, చెప్పాల్సిన చోట, అందరూ వింటుండగా చెప్పారు. ఆ మాట ఇంక ఎక్కడికీ పోదు. ఆ కాగితం మీద సంతకం పెట్టి ఇంటికి రండి. ఎల్లయ్య లాంటివాళ్ళ పక్కన ఇప్పుడు ఎవరో ఒకరు ఉండాలి. నేను చాలడం లేదు.

మీ
రేవతి

*

బందరు జైలు,
సెప్టెంబరు 15

ప్రియమైన రేవతికి,

నీ ఉత్తరం చదివి బాధపడ్డాను. కానీ ఇక్కడ దేవుడు చేస్తున్న కార్యం చూస్తే నువ్వూ ఓర్చుకుంటావు.

మొన్న వాయిదాకి కోర్టుకి తీసుకెళ్ళారు. గేటు బయట ఎంతమంది అనుకున్నావు! గుడివాడ, పామర్రు, పెడన నుంచి వచ్చారు. వ్యాను దిగుతుంటే "సీమోను అయ్యగారు" అని ఒకటే కేకలు. ఒకామె పోలీసుల మధ్యలోంచి చెయ్యి చాపి నా చొక్కా అంచు తాకింది. మన రేకుల మందిరంలో ఇన్నేళ్ళుగా ముప్ఫై మందికి చెప్పిన మాట ఇప్పుడు రాష్ట్రమంతా వింటోందట. నేను జైల్లోకి రాకపోతే ఇది జరిగేదా?

నా గదిలో హుస్సేన్ అని చిలకలపూడి మనిషి ఉన్నాడు. గిల్టు నగల పని చేస్తాడు, ఏదో కొట్లాటలో ఇరుక్కున్నాడు. మంచివాడు. రోజూ రాత్రి తూరు రాజు సంగతి చెప్పమంటాడు. నిన్న అన్నాడు కదా, "అయ్యగారూ, ఆ రాజు పడిపోయే చోటు చెప్తున్నప్పుడు మీ మొహం భలే వెలిగిపోద్దండీ, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు" అని. దేవుడి మాటలో అంత బలం ఉంది.

జక్కరయ్య గారు రెండుసార్లు వచ్చారు. ప్రభుత్వ భవనం మీద బతికున్న మనిషి విగ్రహం పెట్టడం తప్పని నా పేరుతో కేసు వేశారు. కాగితాల మీద సంతకాలు పెట్టాను. బెయిలు కాగితం గురించి అడిగితే, "ఇప్పుడు గాని మీరు తలవంచితే వీళ్ళంతా ఏమైపోతారు అయ్యగారూ" అన్నారు. నిజమే కదా.

ఎల్లయ్యకి ధైర్యం చెప్పు. ఆ విగ్రహం ఎన్నాళ్ళో నిలవదు.

నీ
సీమోను

*

పాలెం,
అక్టోబరు 8

ప్రభువునందు ప్రియమైన మీకు,

షెల్టరుకి తాళం వేశారండీ. మీరు వేసిన కేసులో, తేలేదాకా ఆ భవనాన్ని ఎవరూ ముట్టుకోకూడదని ఆర్డరు వచ్చిందట. ఆఫీసువాళ్ళు వచ్చి, గుడ్డ చుట్టి, లక్క పోసి సీలు వేసి వెళ్ళారు. విగ్రహం పైన అలాగే ఉంది. తలుపు మూసింది మాకు.

ఇది అక్టోబరు. ఈ నెలా వచ్చే నెలా మనం ఎలా బతుకుతామో మీకు తెలీనిది కాదు. సుబ్బాయమ్మ గారు చిన్నప్పుడు ఉప్పెనలో ఇంట్లోవాళ్ళందర్నీ పోగొట్టుకున్న మనిషి. సాయంత్రమైతే షెల్టరు దగ్గరికి వెళ్ళి ఆ తాళాన్ని పట్టుకుని చూసి వస్తోంది. "ఇది ఎప్పుడు తీస్తారమ్మాయ్?" అని రోజూ నన్నే అడుగుతోంది. మీ పేరు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

నేను, ఎల్లయ్య తహసీల్దారు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన మర్యాదగానే మాట్లాడారు. రెండువైపుల వాళ్ళలో ఎవరైనా ఒకరు ఒప్పుకుంటే కోర్టుకి రాసి తెరిపిస్తానన్నారు. విగ్రహం దింపుతానని నాంచారయ్య గారన్నా రాయాలి, తుపాను రోజుల్లో జనం వాడుకోవడానికి మాకు అభ్యంతరం లేదని మీరన్నా రాయాలి. నాంచారయ్య గారి ఇంటికి వెళ్ళాం. గేటు దగ్గర రెండు గంటలు నిలబెట్టి, "ముందు మీ పాస్టరుతో క్షమాపణ చెప్పించండి" అని కబురు పంపారు. బయటికి కూడా రాలేదు.

ఆ మర్నాడు గుడివాడ వెళ్ళాను, జక్కరయ్య గారిని బతిమాలదామని. పామర్రు సెంటర్లో బస్సు మారడానికి దిగాను. తలెత్తితే మీరు. తెల్లబట్టల్లో, చెయ్యి పైకెత్తి, పక్కనున్న లాడ్జి మేడంత ఎత్తు కటౌటు. మీ తల వెనకాల వెలుగు కూడా గీశారు. కింద నిలబడి ఎవరో ఫోటో తీసుకుంటున్నారు. నేను మీ భార్యనని వాళ్ళకేం తెలుసు, "కొంచెం పక్కకు జరుగమ్మా" అన్నారు. జరిగాను.

గుడివాడలో జక్కరయ్య గారు ఒక్కటే మాట, "ఇప్పుడు తెరిస్తే వాడు గెలిచినట్టు" అని.

అందరూ గెలవాలనే చూస్తున్నారండీ. మధ్యలో మేమున్నాం.

పూర్ణిమ సండే స్కూలు పిల్లలకి మీరు చెప్పిన పాఠం మొన్న నాకు చెప్పింది. తూరు రాజు మొదట్లో చాలా తెలివైనవాడట, మంచివాడట. ఇంతకు మించి నేనేం రాయను.

కాగితం జత చేశాను. కింద సంతకం ఒక్కటే. విగ్రహం మీద కేసు మీరు నడుపుకోండి. తలుపు తీయనివ్వండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.

రేవతి

*

బందరు జైలు,
అక్టోబరు 21

రేవతికి,

నువ్వు పంపిన కాగితం జక్కరయ్య గారికి, లాయరుకి చూపించాను. అభ్యంతరం లేదని నేనే రాసిస్తే కేసే నిలవదన్నారు. నాంచారయ్య రేపు విగ్రహం పక్కన నిలబడి పండగ చేసుకుంటాడు. దేవుడి పరువు ఏమవుతుంది? అందుకని సంతకం పెట్టలేదు. నన్ను అర్థం చేసుకోవాల్సిన మొదటిదానివి నువ్వు. నువ్వే ఆ రాజుతో నన్ను పోలుస్తావా? ఆ కటౌటు నేను పెట్టమనలేదు.

ఇక్కడ టీవీలో బంగాళాఖాతంలో వాయుగుండం అంటున్నారు. మనవైపే వస్తుందట. హుస్సేన్ భయపడుతున్నాడు. నాకు మాత్రం ఎందుకో గుండె తేలికగా ఉంది. దేవుడు ఊపిరి ఊదితే బంగారు రంగు విగ్రహాలు ఎంత? రేవతీ, నువ్వు ఆ డాబా వంకే చూస్తూ ఉండు. చెప్పిన మాట నెరవేరడం నీ కళ్ళతో చూస్తావు.

మీకేమీ కాదు. మందిరంలో చేరి ప్రార్థన చేసుకోండి.

సీమోను

*

పాలెం,
నవంబరు 2

సీమోను గారికి,

మీ ఉత్తరం తుపానుకి ముందురోజు అందింది. సుబ్బాయమ్మ గారు పోయింది.

ఎలా పోయిందో రాయాలి. పదిసార్లు మొదలుపెట్టి చించేశాను.

ఆ రోజు పొద్దున్నే ఆఫీసువాళ్ళు బస్సు పంపారు. పిల్లల తల్లుల్ని, పిల్లల్ని కోడూరు బడికి చేర్చారు. పూర్ణిమని వాళ్ళతో పంపి, నేను ముసలివాళ్ళతో ఉండిపోయాను. రెండో ట్రిప్పు వచ్చేలోపు రోడ్డు మీదికి నీళ్ళొచ్చేశాయి. బస్సు రాలేదు. మధ్యాహ్నానికి గాలి నిలబడనివ్వడం లేదు. మిగిలినవాళ్ళం అందరం షెల్టరు దగ్గరికి వెళ్ళాం. మా కాళ్ళు మమ్మల్ని అక్కడికే తీసుకెళ్ళాయి, తాళం ఉందని తెలిసి కూడా.

తహసీల్దారు గారికి ఫోన్ చేశాం. "పగలగొట్టండి, నేను చూసుకుంటా" అన్నట్టే వినిపించింది, అంతలో సిగ్నలు పోయింది. ఎల్లయ్య గునపం పట్టుకుని తలుపు ముందు నిలబడ్డాడు. చెయ్యి లేవడం లేదు.

"కొట్టు ఎల్లయ్యా" అన్నాను.

"కోర్టు సీలమ్మగారూ. ఆయన అన్నాడో లేదో సరిగ్గా ఇనపళ్ళేదు. రేపు నన్నూ లోపలేస్తారు. అయ్యగారికి బయట అంతమంది జనం ఉన్నారు. నాకెవరున్నారు?"

వానకి సుబ్బాయమ్మ గారు గజగజ వణికిపోతోంది. ముసలి ప్రాణం. మీరు మందిరంలో చేరమన్నారు కదా. నేనే ఆమెను చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్ళాను. బల్ల మీద కూర్చోబెట్టి, నా చీర తెచ్చి కప్పాను. "తలుపు తియ్యగానే వచ్చి తీసుకెళ్తాను, ఇక్కడే ఉండు పిన్నీ" అన్నాను. "నువ్వెళ్ళు అమ్మాయ్, నేనెక్కడికి పోతాను" అంది.

తిరిగొచ్చి ఎల్లయ్య చేతిలో గునపం లాక్కున్నాను. సీలు నేనే పగలగొట్టాను. కేసు పెడితే నా మీదే పెడతారు. తాళం ఊడింది, జనం లోపలికి దూరారు. అప్పుడే మందిరం వైపు నుంచి చప్పుడు వచ్చింది. మేము వెళ్ళేసరికి ఆమె కూర్చున్న పక్క గోడ లేదు. రేకులు, దూలం అన్నీ ఆమె మీదే ఉన్నాయి. ఎల్లయ్య వట్టి చేతుల్తో రేకులు లాగాడు. చేతులు కోసుకుపోయి రక్తం కారుతున్నా ఆపలేదు. తీసేటప్పటికి ఇంకా ఊపిరి ఉంది. షెల్టరు లోపలికి మోసుకొచ్చి పడుకోబెట్టాం. ఒక్కసారి కళ్ళు తెరిచి పైకప్పు చూసింది. లోపలున్నానని తెలిసిందనే అనుకుంటున్నాను. చీకటి పడకముందే పోయింది.

విగ్రహం చెక్కుచెదరలేదు. మీరు చూడమన్నారు కదా, చూశాను. వానకి కడుక్కుని ఇంకా మెరుస్తోంది.

సమాధుల తోటకి దారి లేక, ఇసుక దిబ్బ మీదే పూడ్చాం. ప్రార్థన చెయ్యడానికి ఎవరూ లేరు. నన్ను చెయ్యమన్నారు. నేను పిడికెడు ఇసుక వేసి పక్కకు తప్పుకున్నాను.

మూడోనాడు నాంచారయ్య గారు పడవలో వచ్చారు, కెమెరాలతో. రొట్టె పొట్లాల మీద ఆయన బొమ్మ. "కోర్టుకెళ్ళి షెల్టరు మూయించినవాళ్ళదే ఈ పాపం" అన్నారు. మర్నాడు జక్కరయ్య గారు వచ్చారు, ఆయన వెంటా కెమెరాలే. "ఆ విగ్రహం పెట్టినవాడిదే ఈ పాపం" అన్నారు. మీ బొమ్మ పక్కన వేసి ఫ్లెక్సీ కొట్టించాలి, విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన హతసాక్షి అని రాయించాలి, ముసలమ్మగారి ఫోటో కావాలని ఎల్లయ్యని అడిగారు. ఎల్లయ్య కట్లు కట్టిన చేతుల్తో దణ్ణం పెట్టి, "మా అమ్మకి ఫోటో లేదండీ" అన్నాడు. ఉంది. గోడకే ఉంది. ఆయన దాని కిందే కూర్చున్నారు.

ఎవరిది పాపమో నేను అడగడం లేదు. ఆమెను అక్కడ కూర్చోబెట్టింది నేను. అది నాకు చాలు. మీరు ఈ ఉత్తరానికి జవాబు రాయకపోయినా పరవాలేదు. బైబిలు వాక్యం మాత్రం రాయకండి.

రేవతి

*

బందరు జైలు,
నవంబరు 12

రేవతీ,

నీ ఉత్తరం సగం నేను చదివాను, మిగతా సగం హుస్సేన్ చదివి వినిపించాడు. ఆ రాత్రి తూరు రాజు సంగతి అడగలేదు.

ఆమెను అక్కడ కూర్చోబెట్టింది నువ్వు కాదు. మందిరంలో చేరమని రాసింది నేను. నువ్వు పంపిన కాగితం ఇంకా నా దగ్గరే ఉంది, సంతకం లేకుండా. ఈ రెండూ నావి. నువ్వు మొయ్యొద్దు.

కేసు వెనక్కి తీసుకోమని లాయరుకి రాసిచ్చాను. ఈ సంగతి ఇక మాట్లాడనని మొదట్లో అడిగిన కాగితం కూడా ఇచ్చేశాను. జక్కరయ్య గారు వచ్చి చాలాసేపు కోప్పడ్డారు. అమ్ముడుపోయానన్నారు. అననీ. బెయిలు వచ్చింది. బుధవారం వదులుతారు. గేటు దగ్గరికి కొందరు దండలతో వస్తారట. జైలరు గారిని బతిమాలుకున్నాను, తెల్లారగట్లే పంపేస్తే బస్సెక్కుతానని. సరేనన్నారు.

నాంచారయ్యకి చెప్పిన మాట తప్పని ఇప్పటికీ అనలేను. ఆ మాట నిజం. కానీ వాక్యం వద్దన్నావు, అయినా ఈ ఒక్కటీ రాయనివ్వు. తూరు రాజు పడిపోతాడని చెప్పిన ప్రవక్తనే దేవుడు ఆ రాజు కోసం ఏడుపు పాట కూడా పాడమన్నాడు. అది అక్కడే, అదే పేజీలో ఉంది. ఇరవై ఏళ్ళుగా చదువుతున్నాను. ఆ సగం నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. నా ఊరి కోసం కూడా ఏడవలేదు. చప్పట్లు వింటూ కూర్చున్నాను.

ఇప్పుడు నేను ఎక్కడికి రావాలో తెలీడం లేదు. మందిరం లేదు. ఎల్లయ్య మొహం ఎలా చూడాలి? అతను రావద్దంటే, హుస్సేన్ వాళ్ళ అన్న చిలకలపూడిలో ఒక గది చూపిస్తానన్నాడు, అక్కడే ఉండిపోతాను. అతన్ని అడుగు. ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి, నా కోసం మెత్తబరచకు.

సీమోను

*

పాలెం,
నవంబరు 15

మీకు,

ఈ ఉత్తరం ఎల్లయ్య బావమరిది బందరు వస్తూ చేత్తో తెస్తున్నాడు, బుధవారం లోపు అందాలని.

ఎల్లయ్యని అడిగాను. వల బాగుచేసుకుంటున్నాడు. కట్లు ఇంకా విప్పలేదు, వేళ్ళు సరిగ్గా వంగడం లేదు. మీ ఉత్తరం చదవనా అంటే తల అడ్డంగా ఊపాడు. అందుకని మీరు వస్తానంటున్నారని ఒక్క మాటే చెప్పాను.

"వద్దమ్మగారూ," అన్నాడు. "ఆయన వస్తే మళ్ళీ నాలుగు మాటలు చెప్తాడు. చాలా బాగా చెప్తాడు. నేను ఇనలేను."

నేను లేచాను. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి పిలిచాడు. వల మీంచి తలెత్తలేదు.

"అమ్మగారూ, అయ్యగారికి ఏడవడం వచ్చాండీ? మా అమ్మని పూడ్చి ఇన్నాళ్ళయింది. ఊరంతా బోట్లు ఎతుక్కోడం, ఇళ్ళు కప్పుకోడం. కూర్చుని ఏడిసినోళ్ళు లేరు. నాకూ రావట్లేదు. ఆయనకి వస్తే రమ్మనండి."

ఉన్నదున్నట్టు రాశాను.

బస్సు దిగి ఇంటికి రాకండి. ఇసుక దిబ్బ మీదికి రండి. నేనక్కడ ఉంటాను.

రేవతి